నా సంతకం చెల్లని కాగితం

నేను పంపిన కాగితం సోమవారం పొద్దున పది గంటలకల్లా తిరిగొచ్చింది. మూల మీద పెన్నుతో ఒక ముక్క రాసి ఉంది: డాక్టర్ సంతకం కావాలి.

సంతకం ఉంది. నాదే. ఆ పేషెంటును రెండున్నరేళ్ళుగా చూస్తున్నది నేనే. స్కాన్లు తీయించిందీ, ఊపిరితిత్తుల స్పెషలిస్టు దగ్గరికి పంపిందీ, ఇంటికి ఆక్సిజన్ మెషిన్ రాసిందీ నేనే. స్పెషలిస్టు ఇక చేయగలిగింది లేదని తేల్చి నాకే తిప్పి పంపాడు. అయినా ఆ కాగితం మీద నా సంతకం చెల్లదు.

నేను క్యారీ అనే ఊళ్ళో ఒక క్లినిక్‌లో ఫిజీషియన్ అసిస్టెంట్‌ని. ఈ ఉద్యోగానికి తెలుగులో మాట లేదు. కాకినాడలో ఫిజియోథెరపీ చదివి, పెళ్ళయ్యాక, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇక్కడికొచ్చి, ఆరేళ్ళు ఇంట్లో కూర్చుని, ముప్ఫై నాలుగో ఏట మళ్ళీ కాలేజీకి వెళ్ళి నేర్చుకున్న పని. పేషెంటును చూస్తాను, జబ్బేమిటో చెబుతాను, మందులు రాస్తాను. నా పైన ఒక డాక్టర్ ఉంటారు. నా పనికి ఆయన పూచీ. మొదట్లో ఎవరడిగినా ఇదంతా వివరంగా చెప్పేదాన్ని. ఒక బర్త్‌డే పార్టీలో ఒకావిడ అంతా ఓపిగ్గా విని, "అంటే కాంపౌండర్ లాగానా?" అంది. ఆ తర్వాత చెప్పడం మానేశాను. మనవాళ్ళు డాక్టర్ గారూ అని పిలిస్తే పలికేదాన్ని. అబద్ధమైతే ఆడలేదు. కాదని కూడా అనలేదు.

ఆ కాగితం ఎవరి కోసమో ఆ ఆంటీ కూడా నన్ను డాక్టరమ్మా అనే పిలిచేది, కోపం వస్తే బిడ్డా అనేది. కరీంనగర్ వైపు మనిషి. ఉత్తరాన పిస్కాటవే ఊళ్ళో ఒక స్కూల్ క్యాంటీన్‌లో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, అంకుల్ రిటైరయ్యాక చలి పడక ఇటు వచ్చేశారు. అంకుల్ మందుల కంపెనీలో కెమిస్టుగా పనిచేసినాయన. ప్రతి రిపోర్టుకూ మూడు కాపీలు తీసి ఫైల్లో పెట్టేవాడు. ఆవిడకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. మొదటి ఏడాది మెట్లెక్కితే ఆయాసం, రెండో ఏడాది స్నానం చేస్తే ఆయాసం, ఇప్పుడు మాట్లాడితే ఆయాసం. ఆ ఏడాది రెండుసార్లు హాస్పిటల్లో చేరింది. రెండోసారి ఇంటికొచ్చాక, శుక్రవారం సాయంత్రం నేను చూడ్డానికి వెళ్తే, ముక్కు దగ్గర ట్యూబు సర్దుకుంటూ తేల్చి చెప్పేసింది.

"ఇగ దవాఖానకు పోను బిడ్డా. నాకు ఆడ సావద్దు. ఈ కిటికీ కాడనే పండుకుంట."

అంకుల్ ఆమె వైపు చూడలేదు. నా వైపే చూస్తూ, "ఆమె చెప్పినట్టే చేద్దామమ్మా. ఏం చెయ్యాల్నో చెప్పు," అన్నాడు.

చేయాల్సింది నాకు తెలుసు. హాస్పిస్. జబ్బు నయం చేసే ప్రయత్నం ఆపేసి, మిగిలిన రోజులు మనిషి బాధపడకుండా ఇంట్లోనే చూసుకునే ఏర్పాటు. నర్సు వస్తుంది, మంచం వస్తుంది, ఏ గంటకు ఫోన్ చేసినా పలికే మనిషి ఉంటుంది. దానికి మెడికేర్, అంటే పెద్దవాళ్ళకు సర్కారిచ్చే ఇన్సూరెన్స్, ఒప్పుకోవాలంటే, జబ్బు దాని దారిన అది పోతే ఈ మనిషి ఆరు నెలలకు మించి ఉండకపోవచ్చని హాస్పిస్ డాక్టరు రాయాలి. పేషెంటు తన సొంత డాక్టరని ఎవరి పేరైనా చెప్పి ఉంటే ఆయన కూడా రాయాలి. ఆ మాట రాసే అధికారం నాకు లేదు. అంతకు మూడు నెలల ముందు ఇదే ఆంటీకి ఇంటికి నర్సును పంపమని నేను రాస్తే చెల్లింది. ఒకప్పుడు అదీ చెల్లేది కాదు, కరోనా రోజుల్లో చట్టం మార్చారు. హాస్పిస్ దగ్గర మాత్రం గీత అలాగే ఉంది.

ఆ గీత నాకు కొత్త కాదు. కానీ ఎప్పుడూ నా కాలికి తగల్లేదు. మా డాక్టర్ గది నా గది పక్కనే. తలుపు తట్టి సంగతి చెబితే, ఆయన రెండు ప్రశ్నలు అడిగి, వెళ్ళి ఒకసారి చూసొచ్చి సంతకం పెట్టేవాడు. ఈసారి ఆయన ఆ శుక్రవారమే అలాస్కా వెళ్ళాడు. ఏదో నదిలో పడవ ప్రయాణం, పది రోజులు, ఫోన్ అందదు. ఏళ్ళ తరబడి సెలవు తీసుకోని మనిషి, పోనీలే అని అందరం నవ్వుతూ పంపాం.

నా సంతకంతో పంపి చూద్దాం, ఎవరైనా దారి చెబుతారేమో అనుకున్నాను. అదే తిరిగొచ్చింది.

మా డాక్టర్ లేనప్పుడు ఆయన పేషెంట్లను చూసే ఇంకో డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "నేను ఎప్పుడూ చూడని మనిషి ఆరు నెలల్లో పోతుందని ఎలా రాయను? ఇక్కడికి తీసుకురండి, చూసి రాస్తాను. వచ్చే బుధవారం ఖాళీ ఉంది," అన్నాడు.

"ఆవిడ మంచం మీంచి బాత్రూమ్ దాకా కూడా నడవలేదు. మీరొకసారి ఇంటికి రాగలరా?"

"ఇంటికి వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది. సారీ."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? చూడకుండా రాసే డాక్టరైతే నాకూ నచ్చడు. మరి చూసినదాన్ని నేనిక్కడే ఉన్నాను. రెండున్నరేళ్ళు చూసినదాన్ని. ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూర్చోలేకపోయాను. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య కారిడార్‌లో అటూ ఇటూ తిరిగాను. లంచ్ డబ్బా తెరిచి, మూసి, పార్కింగ్ లాట్ చుట్టూ నడిచాను. హాస్పిస్ వాళ్ళ నుంచి ఏమైనా వచ్చిందేమోనని నడుస్తూనే ఫోన్ తీసి చూడటం, జేబులో పెట్టడం, మళ్ళీ తీయడం.

మా క్లినిక్ మేనేజర్ నా అవస్థ గమనించింది. గదిలోకొచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"మన డాక్టర్ ఉంటే సంతకం పెట్టేవాడే కదా? ఆయన పేరు మీద పంపేయ్. వచ్చాక చెబుదాం, ఏమీ అనడు."

నిజమే, ఏమీ అనడు. ఆయన సంతకం బొమ్మ మా కంప్యూటర్లో ఉంది. ఎక్కడుందో నాకు తెలుసు. ఆమె వెళ్ళాక ఆ ఫైల్ తెరిచాను. ఆంటీ కాగితం పక్కనే పెట్టుకున్నాను. పది నిమిషాలు రెండిటినీ చూస్తూ కూర్చుని, మూసేశాను. నా నీతి గొప్పదని కాదు. లైసెన్స్ పోతుందన్న భయం. ఎవరైనా తవ్వి చూస్తే ఆంటీ హాస్పిస్సే రద్దవుతుందన్న భయం ఇంకొకటి. రెంటిలో ఏది ముందొచ్చిందని అడిగితే, మొదటిదే.

సంతకం చేయలేనుగానీ మందు రాయగలను. అదీ విచిత్రమే. ఆయాసం తగ్గడానికి నాలుక కింద వేసే మార్ఫిన్ చుక్కలు రాసి, మంగళవారం మధ్యాహ్నం నేనే వాళ్ళింటికి వెళ్ళి ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో చూపించాను. అంకుల్ అంతా కాగితం మీద రాసుకున్నాడు. కాపీ తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. నాకు ధైర్యం వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ వచ్చింది. ఎమర్జెన్సీ రూమ్ నుంచి.

జరిగింది ఇది. భోజనం వేళ ఆంటీకి దగ్గు తెర వచ్చి, ఊపిరి అందక, పెదాలు నీలంగా మారాయి. అంకుల్ మందు సీసా తీశాడు. కెమిస్టుగా బతికినాయన, మార్ఫిన్ అన్న అక్షరాలు చూసి, ఎక్కువ పడితే తన చేత్తో తానే చంపినట్టవుతుందని సీసా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశాడు. నాకు ఫోన్ చేశాడు. నేను ఇంకో పేషెంటుతో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. తొమ్మిది ఒకటి ఒకటి నొక్కాడు. అంబులెన్స్ వచ్చింది. ఆంటీ చేత్తో వద్దు వద్దని సైగ చేస్తూనే ఉందట. తీసుకెళ్ళిపోయారు.

నేను వెళ్ళేసరికి కర్టెన్ వెనక ముఖానికి గట్టిగా బిగించిన మాస్కుతో ఉంది. కళ్ళు తెరిచి నన్ను చూసింది. మాట్లాడలేదు, తల అటు తిప్పుకుంది. ఇన్నేళ్ళలో ఏ పేషెంటూ నన్ను అంత మాట అనలేదు.

అడ్మిట్ చేస్తామన్నారు. మాస్కు తీశాక ఆమె అన్న మొదటి మాట, "ఇంటికి." అక్కడి డాక్టర్‌ని హాస్పిస్ గురించి అడిగాను. "నేనీమెను మొదటిసారి చూసింది గంట కిందటే. ఆ కాగితాలు మీ రెగ్యులర్ డాక్టర్‌తో రాయించుకోండి," అని ఇంకో కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఇంటికి పంపారు.

ఇంకా పంపకముందే, బయట కారిడార్‌లో అంకుల్ తన ఫోన్ నా చేతికిచ్చాడు. దేశానికి ఆ చివరున్న శాన్ రామన్ నుంచి వాళ్ళ అమ్మాయి. ఈ దేశంలోనే పుట్టి పెరిగింది. ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరుతూ మాట్లాడుతోంది.

"సో నాకు అర్థం చేయండి. హాస్పిస్ మండే స్టార్ట్ అవ్వాలి కదా? ఎందుకు అవ్వలేదు?"

"డాక్టర్ సంతకం కావాలన్నారు. మా డాక్టర్ ఊళ్ళో లేరు."

"కానీ మీరు డాక్టర్ కదా?"

కారిడార్‌లో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్తున్నారు. గోడకు ఒత్తుకుని దారిచ్చాను.

"కాదు. నేను ఫిజీషియన్ అసిస్టెంట్‌ని."

నెమ్మదిగా, "అమ్మకి తెలుసా అది?" అంది.

అరవలేదు. అరిస్తే బాగుండేది. ఫోన్ తిరిగిచ్చేటప్పుడు అంకుల్ ముఖం చూడలేకపోయాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. ఇంటికి వెళ్ళే దారిలో హైవే దిగాల్సిన చోటు దాటి రెండు ఎగ్జిట్లు ముందుకు పోయాను. వంట చేయలేకపోయాను, పెట్టిన పప్పు అడుగంటింది. మా ఆయన ఏమైందని అడిగితే, ఏం లేదన్నాను, మూడోసారి అడిగినప్పుడు అరిచాను.

గురువారం పొద్దున, క్లినిక్ తలుపులు తీయకముందే, హాస్పిస్ ఆఫీసుకు మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి కొత్త గొంతు. నిదానంగా, ఒక్కో మాటా సాగదీసి మాట్లాడే పెద్దావిడ, అక్కడ కేసులు చేర్చుకునే నర్సు. నేను చెప్పిందే మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. నా గొంతులో విసుగు నాకే వినపడుతోంది. ఆమె మధ్యలో ఆపింది.

"ఒక్క నిమిషం. ఈమెను ఎప్పుడూ చూసేది ఎవరు?"

"నేను."

"ఆ డాక్టర్ ఎన్నిసార్లు చూశారు?"

గుర్తు చేసుకున్నాను. "రెండేళ్ళ క్రితం ఒకసారి. నేను సెలవులో ఉన్నప్పుడు."

"మరి ఫారంలో, మీ సొంత డాక్టర్ ఎవరన్న చోట ఆయన పేరెందుకుంది?"

మా రిసెప్షన్ వాళ్ళు ఎవరికైనా ఆ గడిలో డాక్టర్ పేరే రాయమంటారు. ఎప్పుడూ అంతే.

అప్పుడు ఆమె చెప్పింది. హాస్పిస్‌లో చేరే మనిషి, తన వైద్యం చూసేది ఫలానావాళ్ళు అని ఎంచుకోవచ్చు. డాక్టర్నే ఎంచుకోవాలని లేదు. మందులు రాయగల నర్సును, అంటే నర్స్ ప్రాక్టీషనర్ని, ఎంచుకోవచ్చు, నాలాంటివాళ్ళనూ ఎంచుకోవచ్చు. ఆ మార్పు వచ్చి కొన్నేళ్ళే అయింది. నన్ను ఎంచుకుంటే, ఆరు నెలల మాట నేను రాయకూడదన్నది అలాగే ఉంటుంది. కానీ రెండో డాక్టర్ సంతకం అక్కర్లేదు. హాస్పిస్ డాక్టర్ ఒక్కరు రాస్తే చాలు.

"అయితే ఇప్పుడే నా పేరు మార్చి పంపిస్తాను," అన్నాను లేచి నిలబడి.

"మీరు మార్చకూడదమ్మా. ఎంచుకోవాల్సింది ఆమె. మీరెవరో తెలిసి ఎంచుకోవాలి. సంతకం ఆమెది కావాలి. ఫారం ఇప్పుడే పంపిస్తాను."

ఆ పొద్దున నా అపాయింట్‌మెంట్లు వాయిదా వేయించి వాళ్ళింటికి వెళ్ళాను. పదిహేను నిమిషాల దారి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా, ఎలా మొదలుపెట్టాలా అని పైకే అనుకుంటూ వెళ్ళాను. ఇంగ్లిష్‌లో అనుకుంటే తేలిగ్గానే ఉంది. తెలుగులోకి వచ్చేసరికి కాంపౌండర్ అన్న మాట అడ్డం పడుతోంది.

ఆంటీ కిటికీ పక్కన మూడు దిండ్లకు ఆనుకుని ఉంది. ముక్కు మీద మాస్కు ఒత్తిన గుర్తు ఇంకా పోలేదు. వాళ్ళమ్మాయి తెల్లవారుజామునే దిగింది. తల్లి పాదాల దగ్గర కూర్చుని లోషన్ రాస్తోంది. అంకుల్ నాకు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"ఆంటీ, మీతో ఒక మాట ముందే చెప్పాల్సింది. నేను డాక్టర్ని కాను."

ఆగకుండా చెబుతూ పోయాను. నా చదువేమిటో, నేను ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో, సోమవారం కాగితం ఎందుకు తిరిగొచ్చిందో. మీరు డాక్టరమ్మా అన్నప్పుడు కాదని చెప్పి ఉంటే ఆ ఫారం అప్పుడే సరిగ్గా నింపేవాళ్ళమేమో, నిన్న మీరు అంబులెన్స్ ఎక్కాల్సి వచ్చేది కాదేమో అన్నాను. కళ్ళు తుడుచుకున్నాను.

ఆంటీ ఊపిరి కూడదీసుకుంది. ఒక్కో మాటకూ మధ్య ఆగుతూ అడిగింది.

"మరి నాకు రాసిన మందులు?"

"అవన్నీ సరైనవే ఆంటీ. అది నా పనే."

"అయితే గింత పొద్దున ఏడుసుడు దేనికి? అబద్దం జెప్పినవ్. తప్పే. నాకు కోపమొచ్చింది. గా కోపం తర్వాత సూస్తం." మళ్ళీ ఆగింది. "పేపర్ తే."

అమ్మాయి లేచింది. "అమ్మా, వెయిట్. నువ్వు ఇప్పుడే డిసైడ్ చేయక్కర్లేదు. మనం వేరే డాక్టర్ వెతకచ్చు."

"ఎప్పుడు వెతుకుతవ్? నన్ను ఇడిసిపెట్టి దేశమంత తిరుగుతవా?" అంది ఆంటీ. "ఈమెకు నా సంగతి ఎరుకే. కొత్తోనికి మళ్ళ మొదటి నుంచి ఎవరు జెప్పాలె? నాకు దమ్ముందా?"

అమ్మాయి నా చేతిలోని ఫారం తీసుకుని మొత్తం చదివింది, రెండుసార్లు. తర్వాత తనే ఒక పుస్తకం కింద పెట్టి తల్లి ఒళ్ళో ఉంచింది. ఆంటీ సంతకం చేయడానికి మూడు నిమిషాలు పట్టింది. మధ్యలో పెన్ను వదిలేసి ఊపిరి తీసుకుంది. అంకుల్ కాపీ తీయడానికి లోపలికి వెళ్ళి ఎంతకీ రాకపోతే నేను వెళ్ళి చూశాను. ప్రింటర్ ముందు నిలబడి ఉన్నాడు. మెషిన్ ఆన్ చేయలేదు.

"నిన్న మందు వేసుంటే ఆమె ఇంట్లనే ఉంటుండె గదమ్మా," అన్నాడు.

"నేను ఫోన్ ఎత్తుంటే కూడా, అంకుల్."

ఇద్దరం కలిసి కాపీలు తీశాం.

శుక్రవారం మధ్యాహ్నం హాస్పిస్ డాక్టర్ సంతకం చేశాడు. నాలుగింటికి నర్సు వచ్చింది. ఆమె మార్ఫిన్ సీసా తీసి, అంకుల్ చేతిని తన చేత్తో పట్టుకుని, మొదటి చుక్కలు ఆయనతోనే వేయించింది. పావుగంటలో ఆంటీ భుజాలు దిగాయి. అన్నేళ్ళుగా ఊపిరి కోసం పైకి లాక్కుని ఉన్న భుజాలు అవి.

ఆమె ఇంకా పదకొండు రోజులు ఉంది. రోజు విడిచి రోజు వెళ్ళాను. తర్వాత చూస్తానన్న కోపం నిజంగానే చూపించింది. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. మూడో రోజు, క్యాంటీన్‌లో పిల్లలకు పిజ్జా ముక్కలు కోసే రోజుల సంగతి మొదలుపెట్టి, సగంలో నిద్రపోయింది. ఒక మంగళవారం ఉదయం, కూతురు పక్కన ఉండగా, కిటికీ దగ్గరే పోయింది.

అప్పటికి మా డాక్టర్ తిరిగొచ్చాడు. అంతా విన్నాడు. "ఒక మనిషి చనిపోతోందని రాసే ముందు ఇంకొకరు కూడా చూడాలన్నది మంచి రూలే," అన్నాడు. "చూసేవాళ్ళు ఉండాలి, అంతే." వెళ్ళే ముందు, ఇలాంటి పేషెంట్లను ఎవరు ఇంటికెళ్ళి చూస్తారో తేల్చకుండా పోవడం తన తప్పేనన్నాడు. అందులో నా తప్పెంతో నేను చెప్పాను. ఆ నెలలోనే రిసెప్షన్ వాళ్ళతో కూర్చుని, ఆ గడిలో ఏం రాయాలో పేషెంటునే అడగాలని తేల్చాం. ఇప్పటికీ ఎవరైనా సెలవు పెడుతున్నారంటే, వాళ్ళ బదులు ఎవరు చూస్తారని ముందు అడుగుతాను.

ఆంటీ పోయిన మర్నాడు పొద్దున నింపి సంతకం చేయమని నా కంప్యూటర్లోకి డెత్ సర్టిఫికెట్ వచ్చింది. ఆమె ఎంచుకున్న మనిషిని నేనే కాబట్టి. మా రాష్ట్రంలో దాని మీద మాలాంటివాళ్ళ సంతకం చెల్లుతుంది. పోతోందని రాయడానికి పనికిరాని సంతకం, పోయిందని రాయడానికి పనికొచ్చింది. నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. అన్ని గడులూ నింపాను. ఒకటి మిగిలింది: జబ్బు మొదలైనప్పటి నుంచి చనిపోయేదాకా ఎంత కాలం?

నా లెక్క నేను చూడటం మొదలుపెట్టినప్పటి నుంచే. అంతకు ముందు సంగతి నాకు తెలియదు. అంకుల్‌కి ఫోన్ చేశాను.

"దగ్గు ఎప్పుడు మొదలైంది అంకుల్? మొట్టమొదట?"

ఆయన ఫైలు వెతకలేదు. "ఇల్లు మారినప్పుడమ్మా. పిస్కాటవేల సామాన్లు సర్దుతుంటే. ధూళి అనుకున్నం. ఆమె అటక మీద కూసొని ఒక్కొక్కటి తీసి సూపిస్తుంది, ఇది పారేద్దామా, ఇది పారేద్దామా అని. నేను ఏదీ వద్దంట. దగ్గుకుంట తిట్టింది నన్ను." ఆగాడు. "ఆరోజు మేం పొద్దుమీకేదాక నవ్వుకున్నం. గా దినం నుంచి రాస్తవా?"

"అవును అంకుల్."

"అయితే నాలుగేండ్లు. నాలుగేండ్లు రెండు నెలలు."

ఆ గడిలో నాలుగు సంవత్సరాలు అని రాశాను. రెండు నెలలు రాయడానికి చోటు లేదు. ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు, ఆ అటక గురించి, చివరికి పారేయని సామాను గురించి. పక్క గదిలో మోకాలి నొప్పితో వచ్చినాయన ఇరవై నిమిషాలుగా కూర్చుని ఉన్నాడు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని తలుపు దగ్గర నిలబడి, ఆయన చెప్పడం అయిపోయేదాకా విన్నాను.